తాళంచెవి ఇల్లిల్లూ తిరిగే లంక

ఈ కబురు నాకు మొదట మోసుకొచ్చింది సలోమీ గారు. ఏటా క్రిస్మస్ ముందు గోడ క్యాలెండర్లూ వాక్యం అచ్చేసిన స్టిక్కర్లూ సంచిలో వేసుకుని మా మార్కాపురం వైపు పల్లెల్లో తిరిగే మనిషి ఆవిడ. రాజోలు దగ్గర ఒక గోదావరి లంకలో ఆవిడ కూతురు గ్రేసు టీచరుగా ఉంది. మొన్నటి క్రిస్మస్ ముందు మా వరండాలో కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్లు ఒక గుక్క తాగి, గ్లాసు మర్యాదగా కింద పెట్టేసి, మా అమ్మాయి ఊళ్లో ఎండతో నీళ్లు కడుగుతున్నారండీ అన్నారు. ఎండలో వడియాలు ఎండడం తెలుసు, బట్టలు ఆరడం తెలుసు. నీళ్లు కడగడం ఏమిటని అడిగాను. ఎండ పడితే కరెంటు పుట్టే ప్లేట్లు పెట్టుకున్నారట. ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది, ఉప్పునీళ్లు యంత్రంలోకి పోయి మంచినీళ్లై బయటికొస్తాయి.

ఎవరిదమ్మా ఆ యంత్రం అన్నాను.

"ఎవరిదీ కాదండీ, అందరిదీని. తాళంచెవి వారానికో ఇంట్లో ఉంటాది. ఓ వారం ప్రార్థన పెట్టుకున్నోరింట్లో, ఓ వారం భజన పెట్టుకున్నోరింట్లో."

ఆ మాట మా స్త్రీల సమాజంలో చెబితే, వెళ్లి చూసి రమ్మని నన్ను పంపారు. కారణం ఉంది. మా ఊళ్లో నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి, మోకాళ్లు వంగవు. మాకూ ఒక ఫౌండేషన్ వారు వచ్చి యంత్రం పెడతామన్నారు. తాళం ఎవరి దగ్గర ఉంటుందని మా ఆడవాళ్లు అడిగితే, అది తర్వాత చూద్దాం, ముందు ఫొటో దిగుదాం అన్నారు. ఇక ఎండ విషయానికొస్తే మా వైపు దానికి కొదవలేదు. కంపెనీల వారు కనుచూపు మేర ప్లేట్లు పరిచి మా ఎండను కౌలుకు తీసుకున్నారు. ఆ కరెంటు ఎవరింట్లో వెలుగుతుందో మాకు తెలియదు. మా నెత్తి మీదుగా తీగల్లో పోవడం మాత్రం చూస్తాం. మా ఇళ్లలో కరెంటు పోయినప్పుడు ఆ తీగల కింద కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటాం.

నేను బడికి పోలేదు. మా నాన్నగారు ఇంట్లోనే పరిశుద్ధ గ్రంథమూ, ఎవరో చదివి పడేసిన దినపత్రికలూ ముందేసుకుని చదువు చెప్పారు. అందుకని కొన్ని మాటలు నాకు తెలియవు. తెలియనివాటిని దారిలో దొరికిన వాళ్లనల్లా అడిగాను. చెప్పిన వాళ్లందరికీ కృతజ్ఞతలు. చెప్పలేకపోయిన వాళ్లకీ కృతజ్ఞతలు.

రావులపాలెం

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. మా ఊరి అలవాటు కొద్దీ నీళ్ల క్యాను ఒకటి వెంట తెచ్చుకున్నాను. గోదావరి వంతెన మీద, కింద అంత నీరు పోతుండగా, నా ఒళ్లో క్యాను చూసి కండక్టరు టిక్కెట్టు కొట్టడం ఆపేశాడు.

"నీళ్లు మోసుకుని గోదారి జిల్లా వచ్చేరా అండీ?"

బస్సంతా నవ్వింది. అయితే ఇక్కడి వాళ్లు నవ్వినా మర్యాదగానే నవ్వుతారు. వెనక సీటావిడ నా క్యాను తన కాళ్ల దగ్గర సర్దుకుని, బరువండీ పాపం అంది.

రావులపాలెంలో ఎటు చూసినా అరటి గెలలే. ఒక డజను కొని, అమ్మినావిడకు రెండు చేతులూ జోడించాను. ఆమె మరో రెండు పళ్లు సంచిలో వేసింది. మా వైపు ఇలా దండం పెడితే చెల్లని నోటేదో ఇచ్చాననుకుని వెలుగులో పెట్టి చూస్తారు.

పలివెల

కొత్తపేట దాటి పలివెలలో బస్సు టైరు పంచరైంది. ఆ మరమ్మతు సాగినంతసేపూ కొప్పులింగేశ్వరుడి గుడికి ఎదురుగా ఒక అరుగు మీద కూర్చున్నాను. పూలమ్మే పెద్దావిడ నేనెవరినని అడగకుండానే బుట్ట పక్కకు జరిపి నీడలో చోటిచ్చింది. లోపలికి వెళ్లరా అని ఒకసారి అడిగింది. నేను నవ్వితే, అలాగేనండీ, ఎక్కడ కూర్చున్నా చల్లగా ఉంటే చాలు అని తన దండల పనిలో పడిపోయింది. దేవుడు నాకు చాలామంది చేత చోటిప్పించాడు. మాట్లాడకుండా ఇచ్చినవాళ్లు కొద్దిమంది.

ఆ ఊరు దాటాక ఒక కూడలిలో మొదటి సోలార్ దీపం చూశాను. స్తంభానికి మనిషెత్తు రేకు, దాని మీద దాతగారి పేరు, వారి తండ్రిగారి పేరు, ఆవిష్కరించిన వారి పేరు ఉన్నాయి. దీపం వెలుగుతుందా అని పక్క కిళ్లీకొట్టు అతన్ని అడిగాను. దీపం వెలగదండీ, కానీ నా కొట్టు లైటు వెలుతుర్లో దాతగారి పేరు బాగా కనపడతాది అన్నాడు.

అంబాజీపేట

ఇక్కడ పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద వండుతారు. పొట్టిక్కలంటారు. ఆకు విప్పుతుంటే వచ్చే ఆవిరి వాసన నా ముఖానికి తగిలి, ప్రార్థన కూడా సగంలో ఆపి తిన్నాను. తిన్నాక మిగతా సగం పూర్తి చేశాను. మామూలు ఇడ్లీకి రెట్టింపు ధర. ఎందుకని అడిగితే హోటలాయన, ఇదివరకు అదే ధరండీ, హైదరాబాదు నుంచి వచ్చి ఇది పర్యావరణహితం అని ఫొటోలు తీసుకోవడం మొదలెట్టేక పెంచేమండీ అన్నాడు. ఆకుకు చదువొచ్చిందన్నమాట.

అమలాపురం

అమలాపురంలో రాజోలు బస్సెక్కితే నా పక్కన ప్రణీత్ అనే కుర్రాడు కూర్చున్నాడు. ఖద్దరు లాల్చీ, రాగి సీసా, కళ్లలో మంచితనం. హైదరాబాదులో ఒక ఫౌండేషన్‌లో పనిచేస్తాడట. దాని పేరు రాయను, ఫౌండేషన్ అంటే చాలు. నేను ఏ లంకకు వెళుతున్నానో తెలిసి సంబరపడిపోయాడు. తనూ అక్కడికేనట, శనివారం అక్కడ వాళ్ల కార్యక్రమం ఉందట.

"మీరు బెనిఫిషియరీనా అండీ, స్టేక్‌హోల్డరా?"

"మార్కాపురం, బాబూ" అన్నాను.

అతను నొచ్చుకోకుండా వాతావరణ న్యాయం అంటే ఏమిటో నాకు వివరించాడు. భూమిని వేడెక్కించినవాళ్లు ఒకరు, ఆ వేడికీ వరదకీ బలయ్యేవాళ్లు మరొకరు. తప్పులో వాటా లేనివాళ్లకే కష్టంలో పెద్ద వాటా వస్తోంది. కనుక ఎండా గాలీ నీరూ ఎవరి ఊళ్లో ఉంటే వాటి మీద పెత్తనం ఆ ఊరి వాళ్లకే ఉండాలి. చక్కగా చెప్పాడు. ప్రవక్తలు కూడా ఇంచుమించు ఇదే చెప్పారు, వాళ్లకు ప్రొజెక్టరు లేదంతే.

తర్వాత ఫోనులో శనివారం కట్టబోయే ఫ్లెక్సీ చూపించాడు. అడుగున చిన్న అక్షరాల్లో ఊరి పేరు, పైన పెద్దల ఫొటోలు, నడిమధ్య అందరికంటే పెద్దగా ఒక స్త్రీ ముఖం. ముఖంలో ఎముకలు తేలాయి. కళ్లు మాత్రం కెమెరాని కాక కెమెరా పట్టుకున్నవాణ్ణి చూస్తున్నట్టున్నాయి. ఎవరు బాబూ ఈవిడ అన్నాను. క్లైమేట్ విక్టిమ్ అండీ, బాధితురాలు అన్నాడు. పేరు అడిగాను. ఫోనులో అటూ ఇటూ వెతికాడు. తాటిపాక వచ్చేదాకా వెతుకుతూనే ఉన్నాడు.

తాటిపాక

ఇక్కడ బస్సు ఆగితే టీ తాగాం. నేల కింద నుంచి గ్యాసు తీసే చోటు కాబట్టి పైపులూ, హెచ్చరిక బోర్డులూ, కాపలా గేట్లూ రోడ్డు పొడవునా ఉన్నాయి. కొట్టావిడ కర్రల పొయ్యి ఊదుతోంది. సిలిండరు అయిపోయిందటండీ అని ఎవరో అన్నారు. ఆవిడ పొగలోంచి తలెత్తి, గ్యాసు మా మంచం కిందనుంచే పోద్దండీ, ఆగి పలకరించదంతే అంది. ప్రణీత్ ఆ మాట ఫోనులో రాసుకున్నాడు. ఆవిడ పేరు మాత్రం రాసుకోలేదు.

లంక

ఈ లంక పేరు రాయొద్దని అక్కడివారే నన్ను బతిమాలారు. పేరు తెలిస్తే చూడ్డానికి జనం వస్తారు, వస్తే షామియానా కట్టాలి, శాలువా కప్పాలి, భోజనం పెట్టాలి. ఎండ ఉచితమే గానీ దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లు ఖరీదు అన్నారు.

ప్రణీత్ కార్యక్రమం పనుల మీద రాజోలులోనే ఆగిపోయాడు. పడవ దిగుతూ బురదలో జారి, నీళ్ల క్యానుతో సహా కూర్చుండిపోయాను. నన్ను లేవదీసింది గ్రేసు. అమ్మ చెప్పేరండీ మీరొస్తారని, ఇలా వస్తారని చెప్పలేదు అంది. భర్త మస్కట్‌లో పని చేస్తాడు. సాయంత్రం ఫోనులో నన్ను చూసి దండం పెట్టాడు. ఈ ఊరి మగవాళ్లు చాలామంది ఎడారుల్లో ఉంటారు. వాటర్ కమిటీ నిర్ణయాల మీద అక్కడి నుంచే వాయిస్ మెసేజీలు పంపుతారు. వాటిని ఆడవాళ్లు అన్నం వార్చుకుంటూ వింటారు, వినేశాక తమకు తోచినట్టు చేస్తారు.

చుట్టూ గోదావరి ఉన్న ఊళ్లో స్నానానికి కూర్చుంటే సబ్బు నురగ రాలేదు. ఏటికి ఎదురు సముద్రం పొంగుకొస్తోందట, బోర్లన్నీ ఉప్పైపోయాయి. నన్ను చూసి నవ్విన కండక్టరును తలుచుకుని, నా క్యానులో మిగిలిన రెండు గ్లాసుల నీళ్లకు స్తోత్రం చెల్లించాను.

వాటర్ ప్లాంటు చర్చికీ రామాలయానికీ మధ్య ఖాళీ స్థలంలో ఉంది. చిన్న గది, పక్కనే ఇనప చట్రాల మీద ప్లేట్లు. ఆడవాళ్ల సంఘాలు పోగుచేసుకున్న డబ్బుతో, మస్కట్, కువైట్ నుంచి వచ్చిన సాయంతో పెట్టుకున్నారు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న మాట వచ్చేసరికి చర్చి వైపు వారు, గుడివారి దగ్గరే ఉంచుకోండన్నారు. గుడి వైపు వారు, అబ్బే, మీ దగ్గరే ఉంచండన్నారు. ఎదుటివారి దగ్గర ఉండడం ఇద్దరికీ ఇష్టం లేదని ఇద్దరికీ తెలుసు. మర్యాద కొద్దీ చాలారోజులు గది తాళం వేసే ఉందట. చివరికి శనివారం ఇంటి ప్రార్థన తిరిగినట్టే, శనివారం భజన తిరిగినట్టే తాళంచెవి కూడా తిరగాలని తేల్చుకున్నారు.

ఆ వారం అది గ్రేసు ఇంట్లో ఉంది. కొబ్బరి పీచు తాడుకు కట్టి గుమ్మం లోపల మేకుకు వేలాడుతోంది. గుమ్మం లోపల అనేది రూలు. మొదట్లో ఎవరో పశువుల పాకలో పెడితే ఆవు తాడు నమిలేసి, తాళంచెవి పేడలో దొరికిందట. అప్పటి నుంచి తలుపున్న ఇంట్లో, మేకుకే ఉండాలని కమిటీ పెద్ద సూర్యారావు మాస్టారు శాసించారు. ఆ ఇంటివారు పొద్దున్నే ప్లేట్లు తుడిచి, మోటారు వేసి, బిందెలతో వచ్చినవారికి నీళ్లు పట్టాలి. బిందెలు ముందు ఆ ఇంటి గుమ్మంలోనే వరస పెట్టాలి, వచ్చినవాళ్లు ఊరికే పోరు కదా. గుమ్మంలో కూర్చుంటారు, టీ తాగుతారు, మీ అమ్మాయి సంబంధం ఏమైందని అడుగుతారు. ఆ వారమంతా ఆ ఇల్లు పెళ్లివారిల్లే.

ఏటి గట్టు

శుక్రవారం గ్రేసు నాకు ఒక పని ఒప్పజెప్పబోయింది. శనివారం సాయంత్రం భజనలో తాళంచెవి ఇవ్వాల్సింది నూకాలమ్మ అనే ఆమెకట. కానీ ఆమెకు ఇల్లు లేదు. మొన్నటి వరదకు గట్టు విరిగి ఏట్లో పోయింది. భార్యాభర్తలిద్దరూ బడి వరండాలో ఉంటున్నారు. ఇల్లు లేనివారికి తాళంచెవి ఎలా ఇస్తాం, వంతు దాటించి పక్కవారికి ఇచ్చేద్దాం అని కమిటీ అనుకుంది. ఆ సంగతి ఆమెతో చెప్పేవారే లేరు. మాస్టారు గ్రేసును చెప్పమన్నారు.

"మీరు పైఊరివారు కదండీ, మీరు చెబితే మర్యాదగా ఉంటాది" అంది గ్రేసు నాతో.

చెప్పనమ్మా అన్నాను. ఊరికే చూసి వస్తానన్నాను.

బడి వరండాలో పీచు తాడు పేనుతూ కూర్చున్న మనిషిని చూడగానే గుర్తుపట్టాను. ప్రణీత్ ఫోనులోని ముఖం. కాకపోతే ఈ ముఖం నవ్వుతోంది. గ్రేసమ్మ గారింటికి వచ్చిన చుట్టం మీరేనా అండీ, బురదలో కూర్చున్నారంట కదా అంది. నన్ను గట్టు దాకా తీసుకెళ్లి ఏట్లోకి చెయ్యి చూపించింది.

"అదిగోండి, నురగ తిరుగుతున్నచోట మా వంటిల్లు. దానికివతల పెరడు, నాలుగు కొబ్బరి చెట్లు. రండి లోపలికి అందామంటే మీకు ఈతొచ్చుండాలి."

నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. ఆమె నవ్వింది కాబట్టి నవ్వాను. గట్టు ఎందుకు విరిగిందో ఊళ్లో రెండు రకాలుగా చెప్పారు. వరదలు పెరిగాయనేవాళ్లు మామూలు గొంతుతో చెప్పారు. ఇసుక తవ్వకం అనేవాళ్లు గొంతు తగ్గించి చెప్పారు. నూకాలమ్మ రెండూ చెప్పలేదు. వంతులు చర్చి దగ్గర మొదలుపెట్టి ఏటి వైపు వస్తున్నారట. తాళంచెవి మా వీధికి వచ్చేలోగా వీధి వెళ్లిపోయిందండీ అంది. మిగతా ఇళ్లవారు రావులపాలెం, అమలాపురం వెళ్లి కూలికి కుదిరారు. వీళ్లిద్దరే మిగిలారు.

ఆ ఫొటో గురించి అడిగాను. ఎవరో వచ్చి నవ్వకండీ అని తీసుకున్నారు అంది. ఫొటో నేనేం చేసుకోనండీ, నా వంతు రేపు శనివారం అంది. అది రాదని ఆమెకు అప్పటికే తెలుసునని నాకర్థమైంది. వరండాకు తిరిగొచ్చాక, మళ్లీ పేనడం మొదలెట్టిన తాడు తొడ మీద ఆపి చెప్పింది:

"ఇల్లు పోతే ఇంకో చోట కట్టుకుంటారండీ. ఒకసారి వరస దాటించేస్తే మళ్లీ ఏ వరసలోనూ ఉండను. ఇళ్ల స్థలాలిచ్చినప్పుడు కూడా, ఈవిడెవరు, ఈ ఊరేనా అంటారు."

నేనేమీ చెప్పకుండా తిరిగొచ్చాను. చెప్పేరా అండీ అని గ్రేసు అడిగింది. ఆవిడే చెప్పిందమ్మా అన్నాను.

షామియానా

శనివారం పొద్దున్నే కార్యక్రమానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. ఫౌండేషన్ వారు ఉచితంగా మరికొన్ని ప్లేట్లూ పెద్ద బ్యాటరీ ఇస్తారట. షరతు ఒకటే. గదికి కొత్త తాళం వేస్తారు, దాన్ని హైదరాబాదు నుంచి ఫోనుతో తీస్తారు. తాళంచెవి పోతుందన్న బెంగ మీకుండదు అని ప్రణీత్ అందరికీ సంతోషంగా చెప్పాడు. పెత్తనం ఊరివాళ్లదేనన్న మాట బస్సులోనే ఉండిపోయినట్టుంది. అయినా ఆ బ్యాటరీ వాళ్లకు నిజంగా అవసరం. ముసురు పట్టినరోజుల్లో యంత్రం తిరగక ఆడవాళ్లు పడవెక్కి అవతలి ఒడ్డు నుంచి బిందెలు మోస్తారు.

పెద్దలకు ఎండ తగలకూడదు కదా. ప్లాంటు ముందున్న స్థలమంతా కప్పేలా షామియానా వేశారు. స్థలంతో పాటు ప్లేట్లనూ కప్పేశారు. అతిథులు తాజా నీళ్లే తాగాలని ముందురోజే ట్యాంకు ఖాళీ చేసి తోమి ఆరబెట్టారు. మైకు కోసం డీజిల్ జనరేటరు తెచ్చారు. స్వచ్ఛమైన గాలి గురించి ఎవరు మాట్లాడినా దాని పొగ వేదిక మీదికే వచ్చింది. నీళ్ల ప్లాంటు ముందు బల్ల మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు వరసగా పెట్టారు. అతిథుల కార్లు అవతలి రేవులో ఏసీ చల్లదనం పోకుండా ఇంజన్లు ఆపకుండానే ఉంచారని పడవవాళ్లు చెప్పారు.

నూకాలమ్మను వేదిక మీద, సరిగ్గా ఆమె ఫొటో కింద కూర్చోబెట్టి శాలువా కప్పారు. బాధితురాలు మాట్లాడడానికి కార్యక్రమంలో వేళ లేదు. ఆమె తరఫున మాట్లాడేవారు ముగ్గురున్నారు. ముగ్గురూ బాగా మాట్లాడారు. ఆ ఉపన్యాసాలు ముగిసినందుకు దేవుడికి వేరువేరుగా మూడు స్తోత్రాలు చెల్లించాను.

ముఖ్య అతిథి వచ్చి కుళాయి తిప్పారు. నీళ్లు రాలేదు. ఇంకాస్త తిప్పారు. గాలి కూడా రాలేదు. ఊరంతా తలెత్తి షామియానా గుడ్డ వైపు చూసింది, మళ్లీ తల దించుకుంది. ప్లేట్లకు ఎండ తగలడం లేదని అక్కడున్న పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ మాట అంటే అతిథుల నెత్తి మీది నీడ తీసెయ్యమన్నట్టవుతుంది. అంత అమర్యాద ఆ లంకలో ఎవరూ చేయరు.

"ఆయ్, వస్తాదండీ. కొత్తవాళ్లని చూసి సిగ్గుపడతా ఉందండీ" అన్నారు సూర్యారావు మాస్టారు.

ఇందుకేనండీ హైదరాబాదు నుంచి పర్యవేక్షణ అవసరం అన్నాడు ప్రణీత్. ముఖ్య అతిథి కుళాయి అలాగే వదిలేసి మైకు అందుకున్నారు. మీ ఎండ మీదే, మీ నీరు మీదే, దాన్ని ఎవరూ మీ నుంచి లాక్కోలేరు అని నీడలో నిలబడి చెబుతున్నారు. ఇంతలో షామియానా అతను గుంజల తాళ్లు విప్పడం మొదలెట్టాడు. ఎవరో ఆపబోయారు. మలికిపురంలో పెళ్లుందండీ, మీటింగులు ఆగుతాయి గానీ ముహూర్తం ఆగదు కదండీ అని వినయంగానే చెప్పి విప్పేశాడు.

గుడ్డ జారింది. ఎండ పడింది. మోటారు గుర్రుమంది. కాసేపటికి తెరిచి ఉన్న కుళాయిలోంచి నీళ్లు దూకి, ఇంకా లాక్కోలేరు అనే మాట దగ్గరే ఉన్న ముఖ్య అతిథి బూట్లలోకి పోయాయి. ఆడవాళ్లు నవ్వు ఆపుకోవడానికి కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నూకాలమ్మ ఒక్కతే శాలువాతో సహా లేచి వెళ్లి, నీళ్లు వృథా పోతున్నాయని కుళాయి కట్టేసింది.

భోజనాల దగ్గర కొత్త తాళం సంగతి అడిగితే మాస్టారు రెండు చేతులూ జోడించి, చాలా సంతోషమండీ, మా వాళ్లందరితో ఓ మాట అనుకుని కబురెడతామండీ అన్నారు. అంటే వద్దనేనండీ, మా వైపు ఇంతకంటే దగ్గరగా వద్దనరు అని గ్రేసు నా చెవిలో చెప్పింది. మా వైపయితే అడిగేవాడు చెప్పులు విడవకముందే వద్దంటాం. ప్రణీత్ చాలా ఆనందంగా, సానుకూల స్పందన అని ఫోనులో రాసుకుని పడవెక్కాడు. మంచి పిల్లాడు. వాడిని కూడా ప్రార్థనలో పెట్టుకున్నాను.

రామాలయం

సాయంత్రం భజనకు చర్చి ఆడవాళ్లు కూడా వచ్చారు. తాళంచెవి భజన వైపు ఇంటికి మారే శనివారం, భజన ఇంట్లో కాక గుడిలోనే పెట్టి రెండు వైపులవారూ కూర్చోవాలట. వాళ్లతో పాటు నేనూ మెట్ల చివర కూర్చున్నాను. భజన అయ్యింది, హారతి అయ్యింది, శనగలు పంచారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఎండలు ఎక్కువయ్యాయన్నారు. భోజనంలో పనసపొట్టు కూర బాగా కుదిరిందన్నారు. కొబ్బరి ధర పడిపోయిందన్నారు. వంతు సంగతి తప్ప అన్నీ చెప్పారు. గ్రేసు తాళంచెవి ఒళ్లో పెట్టుకుని తల దించుకుని ఉంది.

వెనక నుంచి నూకాలమ్మ లేచి నిలబడింది.

"పొద్దున్న నా బొమ్మ ఊరందరి కంటే పెద్దది వేసేరు మాస్టారూ. సాయంత్రానికి నేను లేనంటన్నారు. ఇల్లు ఏట్లో ఉంది గానీ నేను ఒడ్డునే ఉన్నాను కదండీ."

మాస్టారు చెడ్డవారు కాదు. ఆయన ముఖం వాడిపోయింది. నీ మీద ఏమీ లేదమ్మా, తలుపున్న ఇంట్లో మేకుకే ఉండాలని రూలు పెట్టుకున్నాం కదా, ఇప్పుడు తలుపు లేదు కదా అని నెమ్మదిగా అన్నారు.

"తలుపుందండీ. ఇల్లు జారిపోతా ఉంటే మా ఆయనా నేనూ తలుపు రెక్క పీక్కుని లాక్కొచ్చేం. ఇంకేం చేతికి రాలేదు. దాని మీదే పడుకుంటున్నాం. మీరు ఎక్కడ నిలబెట్టమంటే అక్కడ నిలబెడతాను."

 శనగలు నములుతున్నవాళ్లు నమలడం ఆపేశారు.  అప్పుడు గ్రేసు లేచింది.

"మాస్టారూ, హారతి అయ్యాక తాళంచెవి పాత ఇంట్లో ఉండకూడదని కూడా రూలే కదండీ. నా వారం అయిపోయింది."

అని, ఆయన జవాబు కోసం ఆగకుండా, జనంలోంచి దారి చేసుకుని వెళ్లి తాళంచెవి నూకాలమ్మ చేతిలో పెట్టింది. అందరూ మాస్టారు వైపు చూశారు. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఆయ్" అన్నారు చివరికి. తర్వాత ఆయనే, పొద్దున్న మా ఇంటి బిందెలు కూడా అక్కడికే పంపుతానమ్మా అన్నారు.

తిరుగు ప్రయాణం

ఆదివారం ఆరాధనకు ముందే లేచి గ్రేసు బిందెతో నేను వెళ్లాను. బడి వరండా స్తంభానికి తలుపు ఆనించి ఉంది. దానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. దాని మేకుకు తాళంచెవి వేలాడుతున్నంతసేపు ఒక్కరూ లోపలికి చూడలేదు, అందరూ దాన్నే చూశారు. తర్వాత నూకాలమ్మ దాన్ని తీసి, ప్లాంటుకు వెళ్లి ప్లేట్లు తుడిచి, మోటారు వేసి వచ్చింది. వరండా నిండా జనం. నాలుగు కప్పులే ఉన్నాయి, కడిగి కడిగి అందరికీ టీ ఇచ్చింది. బొమ్మలో ఎముకలు కనిపించిన ముఖం కోపంతో, హడావిడితో, సంతోషంతో ఎర్రబడి ఉంది. వరస, వరస, తోసుకోకండి అని కేకలేస్తోంది.

మా ఆడవాళ్లకు ఇదంతా వచ్చి చెప్పాను. మా ఊరికొచ్చిన ఫౌండేషన్ వారితో ఫొటో తర్వాత, తాళం సంగతి ముందు అని చెప్పడానికి నిర్ణయించుకున్నారు. ఆ మాట గోదావరి వైపు మర్యాదతో చెప్పడం మాకు చేతకాదు, మా పద్ధతిలోనే చెబుతాం.

కానీ నా మనసు ఆ గట్టు మీదే ఉంది. నూకాలమ్మ వారం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. తాళంచెవి ఇప్పుడు మళ్లీ చర్చి దగ్గర నుంచి మొదలై ఇల్లిల్లూ దాటుతూ ఏటి వైపు వస్తూ ఉంటుంది. ఈలోగా ఇంకో వరద వస్తుంది. గట్టు ఇంకెంత లోపలికి విరుగుతుందో, బడి ఉంటుందో లేదో నాకు తెలియదు. ఇళ్ల స్థలం మాట ఎవరూ ఎత్తలేదు.

పడవెక్కే ముందు, నీ కోసం ప్రార్థన చేస్తానమ్మా అన్నాను. మీ దేవుడండీ, మా దేవుడండీ అని ఆమె ఏమీ అనలేదు. కాస్త ఆలోచించి, "నూకాలమ్మ అని పేరు చెప్పి అడగండి. బాధితురాలు అంటే ఎవరనుకుంటాడో" అంది.

కనుక ఇది చదివిన మీలో ప్రార్థించే అలవాటున్నవారు ప్రార్థనలో, లేనివారు మంచినీళ్ల గ్లాసు ఎత్తినప్పుడు, ఆమెను ఒక్కసారి తలుచుకోండి. పేరుతోనే తలుచుకోండి. నూకాలమ్మ.